మన తల వెంట్రుక చెప్పే తేమ కబురు

(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట తేమ గురించి.

తేమ కంటికి కనిపించదు. చేతికి దొరకదు. అయినా అది ఇంట్లోకి వచ్చిందంటే ప్రతి ఇల్లాలికీ తెలిసిపోతుంది. ముసురు పట్టగానే జాడీలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తుంది. ఆరేసిన చీర రెండు రోజులైనా ఆరదు.

డప్పు కొట్టేవాళ్ళను చూశారు కదా? వాయించే ముందు గడ్డి మంట వేసి డప్పు కాస్తారు. ఎందుకు? గాలిలోని తేమ తగిలి తోలు సడలుతుంది. మోత రాదు. మంట సెగ తగిలితే తోలు బిగుస్తుంది. అప్పుడు ఊరంతా వినబడుతుంది.

మగ్గం ఉన్న ఇళ్ళలోనూ ఈ సంగతి తెలుసు. ఎండాకాలం పొడిగాలికి నూలు పోగు పుటుక్కున తెగుతుంది. గుంట మగ్గానికి నేలలోని చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మకు పోగు తెగకుండా నిలుస్తుంది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. తలుపు చెక్క చెట్టు నుంచి వచ్చింది. డప్పు తోలు పశువు నుంచి వచ్చింది. నూలు పత్తి నుంచి వచ్చింది. అప్పడం మినుముల నుంచి వచ్చింది. ఇవన్నీ ప్రాణమున్నవాటి నుంచి వచ్చినవే. ఇలాంటివాటిని సేంద్రియ పదార్థాలు అంటారు. వీటిలో చాలావాటికి ఒక గుణం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే తాగుతాయి. గాలి పొడిబారితే వదిలేస్తాయి. తాగినప్పుడు ఉబ్బుతాయి, సాగుతాయి, బరువెక్కుతాయి. వదిలినప్పుడు ముడుచుకుంటాయి.

అంటే ఇవి రోజూ మనకు తేమ కబురు చెబుతూనే ఉన్నాయి. కాని ఎంత తేమో అంకెలో చెప్పడం లేదు. ఆ అంకె కూడా చెప్పించవచ్చు. అదీ మన తల వెంట్రుకతో. అది ఎలాగో, దానితో ఇంటికి ఏం మేలో ఈ రోజు చూద్దాం.

తేమతో వచ్చిన చావులు

"తేమ ఎంతో తెలిస్తే ఏంటి లాభం? ఎండ వస్తే ఆరబెడతాం. వాన వస్తే లోపల పెడతాం. అంతే కదా?" అని కొందరు అడగవచ్చు.

అంతే కాదు. 1974లో జరిగిన ఒక సంగతి వినండి.

రాజస్థాన్‌లో బాన్స్‌వాడా జిల్లా ఉంది. అప్పట్లో దాని పక్కనే గుజరాత్‌లో పంచమహల్ జిల్లా ఉండేది. అక్కడి పల్లెల్లో పేద గిరిజనుల తిండి మొక్కజొన్న రొట్టె. ఆ ఏడాది కోతల వేళకు వానలు పడ్డాయి. కంకులు తడిశాయి. సరిగా ఆరలేదు. గింజకు బూజు పట్టింది. వేరే తిండి లేదు. ఆ గింజలే విసురుకుని రొట్టెలు చేసుకుని తిన్నారు.

కొన్నాళ్ళకు ఊళ్ళలో జబ్బు మొదలైంది. కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు వచ్చాయి. పొట్టలోకి నీరు చేరింది. ఆ తిండే తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. మొత్తం 397 మంది జబ్బుపడ్డారు. వాళ్ళలో 106 మంది చనిపోయారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు వెళ్ళి పరీక్షలు చేశారు. ఆ మొక్కజొన్నలో ఒక విషం దొరికింది. దాని పేరు ఆఫ్లటాక్సిన్. దాన్ని తయారు చేసేది ఒక రకం బూజు.

ఈ విషం సంగతి లోకానికి తెలిసింది అంతకు ముందే. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఎందుకని వెతికితే, వాటికి పెట్టిన దాణాలో వేరుసెనగ చెక్క ఉంది. ఆ చెక్కలో ఈ విషం ఉంది.

వేరుసెనగ మనకు కొత్తా? అనంతపురం మొదలుకుని పాలమూరు దాకా మన చేలలో పండేదే. మొక్కజొన్న, మిరప కూడా మన పంటలే. వీటన్నిటికీ ఈ బూజు పడుతుంది.

ఒక మాట బాగా గుర్తు పెట్టుకోండి. బూజు తుడిచేసినా విషం పోదు. కడిగినా పోదు. వండినా, వేయించినా పూర్తిగా పోదు. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళితే కాలేయాన్ని దెబ్బతీసి కాన్సర్ దాకా తెస్తుంది. కాబట్టి బూజు పట్టాక చేసేది తక్కువ. పట్టకముందే ఆపాలి. బూజును ఆపాలంటే తేమను కనిపెట్టాలి.

నూటికి ఎంత?

రేడియోలో, టీవీలో వాతావరణ వార్తలు వింటారు కదా? "గాలిలో తేమ 80 శాతం" అంటారు. 80 శాతం అంటే ఏమిటి?

ఒక కడవ అనుకోండి. నిండా నీళ్ళుంటే నూటికి 100. సగం ఉంటే 50. గాలి కూడా ఒక కడవ లాంటిదే. అది పట్టగలిగిన తేమకు ఒక హద్దు ఉంది. ఆ హద్దులో ఎంత నిండిందో చెప్పే లెక్కే ఈ శాతం. పుస్తకాల్లో దీన్ని ఆర్ద్రత అని రాస్తారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. వేడిగాలి పెద్ద కడవ. చల్లగాలి చిన్న కడవ. పగలు పెద్ద కడవలో సగమే ఉన్న నీళ్ళు రాత్రికి చిన్న కడవలో పోస్తే ఏమవుతుంది? నిండిపోతుంది. ఒక్కోసారి పొర్లుతుంది. అలా పొర్లిందే తెల్లవారి గడ్డి మీద కనిపించే మంచు. అందుకే కళ్ళంలో ఆరబోసిన గింజలను పొద్దు వాలకముందే కుప్ప చేసి కప్పాలి. లేకపోతే పగలంతా ఎండలో వదిలిన తేమను రాత్రి మళ్ళీ తాగుతాయి.

నిల్వ ఉన్న చోట గాలిలో తేమ రోజుల తరబడి 70 దాటి ఉంటే బూజుకు అదను దొరికినట్టే. అంతకు తక్కువైతే బూజు పెరగడం కష్టం. ఈ 70 అనే అంకె చుట్టూనే మన కథంతా తిరుగుతుంది.

ఉన్ని, గడ్డి, వెంట్రుక

తేమను కొలవాలని పూర్వం నుంచి చాలామంది ప్రయత్నించారు. వాళ్ళు వాడింది బంగారం కాదు, వెండి కాదు. ఇంట్లో, చేలో దొరికే వస్తువులే.

సుమారు 1450లో జర్మనీకి చెందిన నికొలస్ ఆఫ్ క్యూసా అనే మత పండితుడు ఒక ఉపాయం రాశాడు. త్రాసులో ఒక పక్క ఉన్ని పెట్టాలి. రెండో పక్క రాళ్ళు పెట్టి సరితూచాలి. గాలి తేమగా ఉంటే ఉన్ని తేమ తాగి బరువెక్కుతుంది. ఆ తట్ట దిగుతుంది. గాలి పొడిగా ఉంటే తేలుతుంది. పత్తి తూకం వేసే వాళ్ళకు ఇది కొత్త మాట కాదు.

1665లో ఇంగ్లాండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త ఒక గడ్డి గింజ తోకతో తేమను చూపించాడు. అది అడవి ఓట్ల తోక. మెలిపెట్టిన తాడులా ఉంటుంది. తేమ తగిలితే మెలి విడుతుంది. ఆరితే మెలిపడుతుంది. దాని చివర చిన్న ముల్లు అంటిస్తే గడియారం ముల్లులా తిరిగింది.

మన బీళ్ళలోనూ అలాంటి గడ్డి ఉంది. నడిచి వెళితే చీర కుచ్చెళ్ళకు గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి ఒక్కొక్కటే పీకుకోవాలి. ఈసారి పీకిన ముల్లును పారేయకండి. దాని తోక మీద ఒక నీటి చుక్క వేయండి. అది మెల్లగా తిరగడం మీ కళ్ళతో చూస్తారు. అలా తిరిగి తిరిగే ఆ గింజ నేలలోకి దిగుతుంది.

ఇక వెంట్రుక సంగతి. జెనీవా అనే ఊరు ఇప్పుడు స్విట్జర్లాండు దేశంలో ఉంది. ఆ ఊళ్ళో హొరేస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన వస్తువులను ఒక్కొక్కటే పరీక్షించి చూశాడు. చివరికి మనిషి తల వెంట్రుకను ఎంచుకున్నాడు. వెంట్రుక తేమలో సాగుతుంది. పొడిలో కురచ అవుతుంది. మళ్ళీ తేమ తగిలితే మళ్ళీ సాగుతుంది. 1783లో దీని గురించి పెద్ద పుస్తకమే రాశాడు.

అందరూ ఆయన మాట ఒప్పుకోలేదు. అదే జెనీవాకు చెందిన దెల్యూక్ అనే శాస్త్రవేత్త ఏనుగు దంతంతో తేమ కొలిచే పనిముట్టు చేశాడు. వెంట్రుక మీద నమ్మకం లేదన్నాడు. ఇద్దరికీ పెద్ద వాదన నడిచింది. చివరికి వెంట్రుకే నిలిచింది. దాదాపు రెండు వందల ఏళ్ళు లోకమంతటా వాతావరణ కేంద్రాల్లో వెంట్రుకే తేమ కొలిచింది. మన దేశంలోని వాతావరణ కేంద్రాల్లోనూ తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో వెంట్రుకల పనిముట్టు ఉండేది. వెంట్రుక సాగినా ముడిచినా దానికి కట్టిన కలం కదిలేది. తిరిగే కాగితం మీద గీత గీసేది.

మన ఇళ్ళలో దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి చూరులో దోపుతారు. గిన్నెలమ్మేవాడు వస్తే ఇచ్చి ఏదో ఒక గిన్నె పుచ్చుకుంటారు. అలా చూరులో దోపిన వెంట్రుకకే ఇంత పని వచ్చు!

చేసి చూడండి

కావలసినవి: అడుగున్నర పొడవున్న ఒక చెక్క, అడుగు పొడవు వెంట్రుక ఒకటి, ఒక మేకు, ఒక గుండుసూది, జానెడు పొడవైన చీపురు పుల్ల, కొంచెం జిగురు, తెల్లకాగితం.

మొదటి పని: వెంట్రుకను సబ్బునీళ్ళతో బాగా కడగండి. మంచినీళ్ళతో జాలించి నీడలో ఆరనివ్వండి. నూనె జిడ్డు అసలు ఉండకూడదు. జిడ్డు ఉంటే వెంట్రుక తేమ తాగదు. సొస్యూర్ కూడా సోడా కలిపిన నీళ్ళలో వెంట్రుకలు ఉడికించి జిడ్డు తీశాడు. వెంట్రుక నల్లదైనా సరే, నెరిసినదైనా సరే.

రెండో పని: చెక్కను గోడకు నిలబెట్టండి. పైన మేకు కొట్టండి. వెంట్రుక ఒక కొసను మేకుకు కట్టి జిగురు పెట్టండి.

మూడో పని: చెక్క కింది భాగంలో చీపురు పుల్లను అడ్డంగా పెట్టండి. పుల్ల ఒక చివర గుండుసూదితో చెక్కకు గుచ్చండి. పుల్ల బిగుసుకోకూడదు. సూది చుట్టూ తేలిగ్గా ఆడాలి. సూది నుంచి అర అంగుళం కన్నా కొంచెం తక్కువ దూరంలో వెంట్రుక రెండో కొస కట్టండి. పుల్ల బరువుకు వెంట్రుక నిటారుగా ఉంటుంది.

నాలుగో పని: పుల్ల రెండో చివర వెనక తెల్లకాగితం అంటించండి. గీతలు పెట్టేది దాని మీదే.

ఇంత చిన్న పుల్ల ఎందుకు అంటారా? అడుగు వెంట్రుక బాగా పొడి నుంచి బాగా తేమకు వస్తే ఎంత సాగుతుంది? ఒక వడ్లగింజ పొడవంత. అంతే. రోజువారీ మార్పులు అంతకన్నా చిన్నవి. కంటికి ఆనవు. పుల్ల ఆ కొంచెం కదలికను ఎన్నో రెట్లు పెంచి చూపిస్తుంది. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, పుల్ల కొస దిగుతుంది. తేమ తగ్గితే వెంట్రుక ముడుచుకుంటుంది, పుల్ల కొస లేస్తుంది.

ఉప్పు గీత

గీతలు లేని తేమమాపకం అంకెలు లేని గడియారం లాంటిది. మొదట 100 గీత పెట్టాలి. చెక్కను పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో నిలబెట్టండి. లోపల అడుగున తడిగుడ్డ పెట్టండి. గుడ్డ గాని సంచి గాని వెంట్రుకకు, పుల్లకు తగలకూడదు. సంచి మూతి కట్టి నీడలో ఉంచండి. కొన్ని గంటలకు పుల్ల కదలడం ఆగుతుంది. అది ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి 100 అని రాయండి.

ఇప్పుడు తడిగుడ్డ తీసేయండి. ఒక పళ్ళెంలో ప్యాకెట్ ఉప్పు పోయండి. కొంచెం నీళ్ళు చల్లండి. ఉప్పు కరిగిపోకూడదు. తడి ఇసుకలా ముద్దగా ఉండాలి. ఈ పళ్ళెం సంచిలో పెట్టి మళ్ళీ మూతి కట్టండి. రాత్రంతా ఉంచండి. తెల్లవారి పుల్ల ఆగిన చోట గీత గీయండి. అక్కడ 75 అని రాయండి.

75 అని ఎలా తెలుసు? తడిసిన ఉప్పుముద్దకు ఒక చిత్రమైన గుణం ఉంది. మూసిన చోట ఉంచితే గాలిలో తేమను 75 దగ్గర నిలబెడుతుంది. ఎక్కువైతే తాగుతుంది. తక్కువైతే వదులుతుంది. శాస్త్రవేత్తలు కూడా తేమమాపకాలు సరిచూసుకోవడానికి ఈ ఉప్పునే వాడతారు.

ఈ 75 గీతకు ఉప్పు గీత అని పేరు పెట్టుకుందాం. 100కూ 75కూ మధ్య ఎంత దూరం ఉందో కొలవండి. అంతకన్నా కాస్త ఎక్కువ దూరం పైన ఇంకో గీత పెట్టండి. అది సుమారుగా 50. పొడిగాలిలో వెంట్రుక కదలిక కొంచెం ఎక్కువ. అందుకే ఆ కాస్త ఎక్కువ.

ఎలా వాడుకోవాలి?

తేమమాపకాన్ని గింజలు నిల్వ చేసే గదిలో తగిలించండి. ఎండ, పొయ్యి సెగ తగలకూడదు. పొద్దున, సాయంత్రం చూడండి. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి.

పుల్ల ఉప్పు గీతకు కింద రోజుల తరబడి ఉందంటే జాగ్రత్త పడండి. ఆరిన గింజ మళ్ళీ తేమ తాగుతోందని అర్థం. బయట ఎండ కాసి గాలి పొడిగా ఉన్నప్పుడు గది తలుపులు తెరవండి. ముసురు పట్టినప్పుడు మూసి ఉంచండి. బస్తాలు నేల మీద వేయకండి. గోడకు ఆనించకండి. కింద చెక్కలు వేసి వాటి మీద పెట్టండి. పుల్ల ఉప్పు గీతకు బాగా పైన, 50కీ 75కీ మధ్య సగానికి పైన ఉంటే ఫరవాలేదు.

ఇది గాలి సంగతి. మరి గింజ లోపలి తేమ? దానికి వేరే పరీక్ష ఉంది. బాగా ఆరిన గాజుసీసాలో మూడో వంతు మొక్కజొన్న గింజలు పోయండి. పిడికెడు పొడి ఉప్పు వేయండి. మూత పెట్టి కొన్ని నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుందా? గింజలో తేమ నూటికి 15 పాళ్ళు దాటింది. మళ్ళీ ఆరబెట్టాలి. అంటుకోలేదా? 15 కన్నా తక్కువ. అయినా ఇంకో ఎండ చూపిస్తే మేలు.

వేరుసెనగకు ఇది చాలదు. కాయలు ఇంకా బాగా ఆరాలి. తేమ నూటికి 8, 9 పాళ్ళకు దిగాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి. ముడుచుకున్న గింజలు, రంగు మారిన గింజలు, పురుగు కొట్టినవి ఏరి పారేయండి. పిల్లలకు పెట్టకండి. పశువులకూ కోళ్ళకూ వేయకండి.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళలోనూ ఈ కొలత పనికొస్తుంది. పిల్ల పురుగులకు గాలిలో తేమ 80కి పైన కావాలి. పెద్ద పురుగులకు 70 చుట్టూ చాలు. ఎక్కువైతే జబ్బులు వస్తాయి.

వెంట్రుకకూ తప్పులున్నాయి

వెంట్రుక చెప్పేది అక్షరాలా నిజం కాదు. అయిదు పాళ్ళు అటూ ఇటూ కావచ్చు. అది నెమ్మదిగా కదులుతుంది. ఎక్కువకాలం పొడిగాలిలో ఉంటే అలసిపోతుంది. అందుకే నెలకోసారి తడిగుడ్డతో సంచిలో పెట్టి, పుల్ల 100 గీతకు వస్తోందో లేదో చూసుకోవాలి. రాకపోతే గీతలు మళ్ళీ పెట్టాలి. చేత్తో వెంట్రుక ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటుతుంది.

ఇప్పుడు అంకెలు చూపే చిన్న తేమ మీటర్లు బజారులో దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటి లోపల వెంట్రుక లేదు. దాని బదులు పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అదీ తేమ తాగుతుంది. తాగినప్పుడు దాని విద్యుత్తు గుణం మారుతుంది. ఆ మార్పు అంకెగా కనిపిస్తుంది. పాత సూత్రమే, కొత్త వేషం.

కాగితంతోనూ చేస్తున్నారు. కాగితం చెట్టు పీచు నుంచి వచ్చిందే కదా! 2016లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మామూలు కాగితం మీద పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌తో గీతలు అచ్చువేశారు. దాన్ని ముక్కుకు కట్టే మాస్కులో పెట్టారు. మనిషి ఊపిరి వదిలితే కాగితం చెమ్మగిల్లుతుంది. పీలిస్తే ఆరుతుంది. ఆ తేడాను పట్టి ఊపిరి లెక్కపెట్టారు.

అమెరికాలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు రైతుల కోసం ఒక చిన్న కార్డు చేశారు. దాని పేరు డ్రైకార్డ్. అందులో మందు పూసిన కాగితపు ముక్క ఉంటుంది. గింజలతో పాటు మూత ఉన్న డబ్బాలో వేస్తే రంగు మారుతుంది. నీలం అయితే గింజ పొడి. గులాబీ రంగు అయితే తేమ.

ఉన్ని, గడ్డి తోక, వెంట్రుక, కాగితం. అయిదు వందల ఏళ్ళకు పైగా ఒకటే పని. కనిపించని తేమను కనిపించేలా చేయడం. ఉప్పు చెమ్మగిల్లిందని, అప్పడం మెత్తబడిందని ముందుగా చూసేది ఇల్లాలే. ఆ చూపుకు ఒక గీత, ఒక అంకె తోడైతే గింజ పాడయ్యాక ఏడవనక్కరలేదు. పాడవకముందే చేయి చేసుకోవచ్చు.

ఈ వారం సంఘంలో అందరూ కలిసి ఒక తేమమాపకం చేయండి. గీతలు పెట్టండి. రోజుకొకరు అంకె చూసి పుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి మీ ఊరి తేమ లెక్క మీ చేతుల్లో ఉంటుంది.

ఆలోచించండి, రాయండి

1. మీ ఇంట్లో తేమ వచ్చిందని ఏ ఏ వస్తువులు చెబుతాయి? నాలుగింటి పేర్లు రాయండి.

2. వెంట్రుకకు నూనె జిడ్డు ఎందుకు ఉండకూడదు?

3. ఉప్పు గీత దగ్గర ఏ అంకె రాయాలి?

4. బూజు పట్టిన వేరుసెనగను వేయించి తింటే ఫరవాలేదా? ఎందుకు?

5. ఆరబోసిన గింజలను పొద్దు వాలకముందే ఎందుకు కప్పాలి?